వ్యసన విమోచనమున మర్కట మార్జాల న్యాయములు

భగవద్గీత తృతీయాధ్యాయము చివర అర్జునుడు శ్రీకృష్ణపరమాత్మను ఒక ప్రశ్న అడిగినాడు. మనుష్యుడు తనకు ఇష్టము లేకపోయినను, ఎవరో మెడపట్టి త్రోసినట్లుగా పాపమునందు పడుట ఎందువలన అని ఆ ప్రశ్నకు సారము. భగవానుడు కామక్రోధములను శత్రువులుగా చూపి, ఆ శత్రువునకు ఇంద్రియములు, మనస్సు, బుద్ధి అను మూడును నివాసస్థానములని సెలవిచ్చెను. ఇంద్రియములు నివాసమనగా అందరికిని తెలియును. మనస్సు నివాసమనగా కొందరికి తెలియును. బుద్ధియే నివాసమన్న మాటను మాత్రము చాలమంది చదివి దాటిపోవుదురు. శత్రువు బుద్ధియందే కాపురము పెట్టినప్పుడు, వానిని వెడలగొట్టవలసిన బుద్ధిని ఎచటినుండి తేవలయును? వేదాంతగోష్ఠులలో వినబడుచుండిన ఈ ప్రశ్న నేడు గృహస్థుల వాకిళ్ళయందు వచ్చి నిలిచియున్నది.

కన్నకొడుకు తల్లి తలపై చేయివేసి ఇక ముట్టనని ప్రమాణము చేయును. కన్నీరు పెట్టుకొనును. ఆ కన్నీరు అబద్ధము కాదు. మూడవనాటికి పూజామందిరములోని వెండిచెంబు కనబడదు. అప్పుడు తండ్రి "వాడి ఖర్మ" అని ముఖము త్రిప్పుకొనును. బంధువులు "నిజముగా దైవభక్తి ఉన్నవాడైతే మానలేడా?" అందురు. ఈ రెండు మాటలును తొందరపాటు మాటలే. మొదటిది శాస్త్రమును సగము తెలిసి పలికినది, రెండవది శరీరధర్మమును బొత్తిగా తెలియక పలికినది. మాదకద్రవ్యములలో ఒకదానిని, మెథాంఫెటమిన్ అనుదానిని తీసికొని పరిశీలించినచో ఈ సంగతి స్పష్టమగును.

ఐస్ అనియు, క్రిస్టల్ అనియు వ్యవహరింపబడు ఈ పదార్థము చూచుటకు పటికబెల్లపు పలుకులవలె, గాజుముక్కలవలె ఉండును. దీనిని మత్తుమందనుట మాటవరుసకే. ఇది మత్తు కలిగించునది కాదు, నిద్రను చంపునది. పుచ్చుకొన్నవానికి ఆకలిదప్పులుండవు, అలసట తెలియదు. రెండు మూడు దినములు కన్నుమూయక తిరుగువారును కలరు. ఇది పుట్టినపుడు లోకము దీనిని భయపడి చూడకపోవుటకు కారణమిదియే. ఎఫెడ్రా యను మొక్కనుండి తీసిన ఎఫెడ్రిన్ అను సారమునుండి జపాను శాస్త్రజ్ఞుడు నగాయి నగాయోషి 1893లో దీనిని తయారుచేసెను. 1919లో అకిరా ఒగాతా స్ఫటికరూపమునకు తెచ్చెను. (ఈ ఎఫెడ్రాయే వేదములలోని సోమలత అని కొందరు ఆధునిక పండితులు ఊహించిరి. అది తేలని వాదము. తేలినను, యజ్ఞమున మంత్రపూతముగా పిండిన ఓషధీరసమునకును, రసాయనశాలలో కాచిన ఈ గరళమునకును చుట్టరికము కలుపుట తగదు.) జర్మనీలో 1938 నుండి పెర్విటిన్ అను పేరుతో మాత్రలుగా అమ్మిరి. రెండవ ప్రపంచయుద్ధమున ఆ దేశపు సైనికులకు, జపాను సైనికులకు మేలుకొని యుండుటకై వీనిని పంచిరి. యుద్ధము ముగిసిన పిదప జపానులో మిగిలిన నిలువలు అంగళ్ళలోనికి వచ్చి, వేలకొలది యువకులను పట్టుకొనగా, 1951లో ఆ ప్రభుత్వము కఠినమైన చట్టము చేయవలసివచ్చినది.

థాయిలాండు దేశమున ఈ ద్రవ్యము కలిసిన మాత్రలను రాత్రింబవళ్ళు బండ్లు తోలువారు వాడుచుండిరి. అప్పుడు వానికి గుర్రపుమందు అని పేరు. 1996లో ప్రభుత్వమే ఆ పేరు మార్చి పిచ్చిమందు, వారి భాషలో యా బా, అని పిలిపించెను. పేరు పెట్టుటలో ఆ దేశపువారు సత్యమునే పలికిరి. మన దేశమునకు ఇది ముఖ్యముగా బర్మా సరిహద్దునుండి వచ్చుచున్నది. 2024 నవంబరులో అండమాను సముద్రమున ఒక్క పడవలో సుమారు 6,000 కిలోలు పట్టుబడినది. చదువులకు, ఉద్యోగములకు తెలుగుబిడ్డలు వెళ్ళి స్థిరపడిన అమెరికాలో ఈ జాతి ఉత్తేజకములు కారణముగా 2021 ఒక్క సంవత్సరమున 32,000 మందికి పైగా మరణించిరి. కనుక ఇది ఎక్కడనో పరాయివారి ఇంటి సంగతి అని ఊరకుండుటకు వీలులేదు.

ఇది లోపల చేయు పనిని తెలిసికొనుట అవసరము. మెదడునందు డోపమైన్ అను ద్రవ్యమొకటి కలదు. ఆకలిగొన్నవాడు అన్నము తినినపుడు, తల్లి బిడ్డను చూచినపుడు, చేసిన పని సఫలమైనపుడు అది కొలదిగా స్రవించి, "ఇది మేలు, మరల చేయుము" అని గుర్తు పెట్టును. పని ముగియగానే అది వచ్చిన కణములలోనికే సన్నని ద్వారములగుండ తిరిగి చేరును. మెథాంఫెటమిన్ ఆ ద్వారములను తారుమారు చేయును. లోనికి చేర్చుకొనవలసిన ద్వారమే బయటికి వెల్లువను వదలును. ఎక్కించుకొన్న మోతాదులో సగము శరీరమునుండి పోవుటకే పది పండ్రెండు గంటలు పట్టును. ఏటికి వరద ఒకమారు వచ్చిన ఒండ్రు మిగులును. దినదినము వచ్చిన గట్లే మిగులవు. ఏండ్ల తరబడి వాడినవారి మెదడులో ఈ ద్వారముల సంఖ్యయే తగ్గిపోవుచున్నట్లు వైద్యులు యంత్రములతో చిత్రములు తీసి చూచియున్నారు.

బయటికి కనబడు చిహ్నములు అనేకములు. నోరు ఎండిపోవుట, పండ్లు కొరుకుట, శుభ్రత మరచుట వలన ముప్పది యేండ్లవానికి దంతములు పుచ్చి రాలును. చర్మము క్రింద పురుగులు ప్రాకుచున్నవను భ్రమచే గోకి గోకి పుండ్లు చేసికొందురు. రక్తపుపోటు పెరిగి, గుండె కండరము బలహీనమై, చిన్న వయస్సుననే గుండె విఫలమగుటయు, మెదడులో నరము చిట్లి పక్షవాతము వచ్చుటయు కలదు. చేతులు వణకు పార్కిన్సన్ వ్యాధి వీరికి ఇతరులకంటె అధికముగా వచ్చుచున్నట్లు తెలిసినది. సూదితో ఎక్కించుకొనువారికి కాలేయవ్యాధులు, ఎయిడ్స్ అంటుకొనును. వీనికన్న భయంకరమైనది ఉన్మాదము. గోడల వెనుక ఎవరో మాటలాడుచున్నారనియు, తల్లి పెట్టిన అన్నములో విషము కలిసినదనియు నమ్మి, ఆ తల్లిమీదనే చేయి చేసికొందురు. అట్టివారిని దయ్యము పట్టినదని భూతవైద్యుల యొద్దకు ఈడ్చుకొనిపోవుట నేటికిని జరుగుచున్నది. కొందరికి ఈ ఉన్మాదము మానిన కొలదిదినములకే పోవును. కొందరికి నెలల తరబడి నిలుచును. పోయినవారికిని మరల ఒక్కమారు వాడినచో మునుపటికంటె త్వరగా తిరిగివచ్చును.

అయితే ఇంటివారి మనస్సును ఎక్కువగా నొప్పించునది ఈ జాబితాలో చేరనిది. వాడుట మానిన పిదప చాలనాళ్ళు వానికి దేనియందును రుచి ఉండదు. పాయసము తినును, తీపి తెలియును, సంతోషము కలుగదు. పసిబిడ్డ మోకాళ్ళపై ప్రాకివచ్చి కాలు పట్టుకొనినను చూపు ఎక్కడనో ఉండును. సన్నిధిలో నిలిచినను కన్ను చెమ్మగిల్లదు. "రాయి అయిపోయినాడు, దేవుడనిన లెక్కలేదు" అని పెద్దలు నిందింతురు. అది నాస్తికత్వము కాదు. ఆనందమును గుర్తించు కరణము దెబ్బతిని యుండుట.

కరణమను మాట ఇచట ఊరక వాడినది కాదు. గీత పదునెనిమిదవ అధ్యాయమున ఏ కర్మకైనను ఐదు హేతువులు చెప్పబడినవి: శరీరమను అధిష్ఠానము, కర్త, వివిధములైన కరణములు, ప్రాణముల చేష్టలు, ఐదవది దైవము. ఈ దైవమనగా అంతర్యామియైన పరమాత్మయే అని భగవద్రామానుజులు వ్యాఖ్యానించిరి. ఐదు హేతువులుండగా ఒక్క కర్తనే చూచువాని చూపు సరియైనది కాదని అచటనే చెప్పబడినది. వ్యసనపరుని చూచి "వాడికి బుద్ధి లేదు" అని తేల్చువాడు నాలుగు హేతువులను విడిచి ఒక్కదానినే పట్టుకొనినవాడు. "వాడి ఖర్మ" అనువాడును అంతే. ఆయన ఐదవదానిని మాత్రమే, అదియు తప్పుగా, పట్టుకొనినాడు. మొదటిమారు స్నేహితుడు చేతికిచ్చినపుడు వలదనుటకు వానికి స్వాతంత్ర్యముండెను. ఆ దోషము వానిదే, దానిని కప్పిపుచ్చనక్కరలేదు. నూరవమారు చేయి చాచినపుడు ఆ స్వాతంత్ర్యము ఎంత మిగిలినదో వానికే తెలియదు.

శుభవార్తయు ఒకటి కలదు. అమెరికాలో నోరా వోల్కోవ్ అను వైద్యురాలు, ఆమె సహచరులు 2001లో ఒక పరిశోధనను ప్రకటించిరి. మెథాంఫెటమిన్ మానిన ఆరునెలల లోపల ఐదుగురి మెదడును చిత్రించి, వారు మానియే యుండగా పండ్రెండు మొదలు పదునేడు నెలలైన పిదప మరల చిత్రించిరి. తగ్గిపోయిన ద్వారములు కొన్ని భాగములలో నూటికి 16 నుండి 19 వంతులు తిరిగి పెరిగినట్లు కనబడెను. అయినను జ్ఞాపకశక్తి, చేతుల చురుకుదనము ఆ వేగముతో తిరిగిరాలేదు. ఐదుగురే కదా అనవచ్చును. సంఖ్య చిన్నదే. కాని అది ఇంటివారికి చెప్పు సంగతి పెద్దది: గట్లు తిరిగి కట్టుకొనుటకు నెలలు చాలవు, ఏడాదియు దాటును. నలుబది దినముల మండలదీక్ష ముగియగానే "ఇక బాగుపడినాడు" అని చేతికి డబ్బిచ్చి పంపుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియును.

విషము దేహములో ఉండగా కాలమే ఔషధమగుటకు నలోపాఖ్యానము కన్న మంచి దృష్టాంతము దొరకదు. కలి పండ్రెండేండ్లు కాచుకొని, నలుడు ఒకనాడు కాళ్ళు కడుగుకొనక సంధ్య వార్చినాడన్న చిన్న సందు చూచుకొని ప్రవేశించెను. జూదమున సర్వమును పోయినది. అడవిలో దావాగ్నినుండి నలుడు కర్కోటకుని కాపాడగా, ఆ నాగుడు అడుగులు లెక్కించుచు నడువుమని చెప్పి, "దశ" అనగానే కరచెను. సంస్కృతమున ఆ మాటకు పది అనియు, కరువుమనియు రెండర్థములు. ఆ విషము నలుని బాధింపలేదు. లోపలనున్న కలిని బాధించెను. అయినను కలి వెంటనే పోలేదు. నలుడు కురూపియై, ఋతుపర్ణుని కొలువున గుర్రములు కాచుచు, దినములు గడపెను. తుదకు అక్షహృదయమను విద్యను నేర్చినపుడు కలి విషము కక్కుచు వెడలి తాండ్రచెట్టులో దూరెను. ఆ కాలపు పాచికలు తాండ్రకాయలే కావున ఆ చెట్టునే కవి ఎన్నుకొనుటలో ఔచిత్యము కలదు. జూదమున చెడినవాడు జూదపు మర్మము తెలిసికొని బయటపడినాడన్నది ముఖ్యము. వ్యసనపరుడును తన వ్యసనము ఏ వేళ, ఏ వీధిలో, ఎవరి ముఖము చూచినపుడు లేచునో తెలిసికొనవలసియున్నది. నేటి వైద్యులు నేర్పునది చాలవరకు ఈ విద్యయే.

ఇక ప్రధానవిషయము. శ్రీవైష్ణవ సంప్రదాయమున రామానుజుల తరువాతి ఆచార్యుల కాలమున ఒక గొప్ప చర్చ నడచినది. భగవంతుడు జీవుని రక్షించుటలో జీవుని వంతు ఎంత? కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొనును, తల్లి చెట్టునుండి చెట్టునకు దూకును, పట్టు పిల్లది. పిల్లిపిల్ల ఏమియు పట్టుకొనదు, తల్లియే నోట కరచుకొని పోవును, పట్టు తల్లిది. మొదటిది మర్కటకిశోరన్యాయము, వేదాంతదేశికులను అనుసరించు వడగలైవారిది. రెండవది మార్జాలకిశోరన్యాయము, పిళ్ళైలోకాచార్యులను అనుసరించు తెంగలైవారిది. ఏది సిద్ధాంతమో తేల్చుట ఇచట ఉద్దేశము కాదు. వ్యసనమునుండి లేచువాని విషయమున మాత్రము రెండును సత్యములే, అయితే ఒకదాని తరువాత ఒకటి. మొదట పిల్లి పట్టు, పిమ్మట కోతి పట్టు. ఇంటివారు చేయు పొరపాటు సాధారణముగా ఈ క్రమమును తలక్రిందులు చేయుటయే. చేతులలో బలము లేనినాడు "నీవే పట్టుకొనుము" అని విడిచిపెట్టుదురు. బలము వచ్చిననాడు నోట కరచుకొని తిప్పుచుందురు.

మానిన తొలివారములలో వాడు గాఢముగా నిద్రించును, లేచి విపరీతముగా తినును, మరల నిద్రించును. దానిని సోమరితనమని తిట్టరాదు. బాకీపడిన నిద్రను శరీరము రాబట్టుకొనుచున్నది. అటుపిమ్మట కటికచీకటివంటి దిగులు వచ్చును, ప్రాణము తీసికొనవలెనను తలపులు వచ్చును. ఆ దినములలో ఒంటరిగా ఉంచరాదు, వైద్యునికి తప్పక చూపవలెను. డబ్బు, బంగారము, తాళపుచెవులు ఇంటివారి యొద్దనే ఉండవలెను. పిల్లి పిల్లలను ఏడిళ్ళు త్రిప్పునను సామెత ఉన్నది. చెడుసావాసపు వీధినుండి తప్పించుటకు మేనమామ ఇంటనో, అక్క ఇంటనో కొన్నినెలలు ఉంచుట ఆ సామెత చెప్పు పనియే. కాని పిల్లి త్రిప్పునపుడు తానును వెంట ఉండును. ఒంటరిగా హాస్టలులో చేర్చి వచ్చుట పిల్లి చేయు పని కాదు. పిల్లి నోట పట్టునది మెడ తోలునే, పండ్లు దిగనీయదు. గొలుసులతో కట్టివేయుట, కొట్టి మాన్పింతుమను చోట్ల వదలివచ్చుట హింస. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులు వేయుటను నిషేధించినది.

"పెండ్లి చేసిన కుదురుకొనును" అను ఆలోచన ఇంకొకటి కలదు. ఇది చికిత్స కాదు, అధర్మము. తమ చేత కాని భారమును, ఏమియు చెప్పక, పరుల ఇంటి ఆడపిల్ల మెడకు మంగళసూత్రముతో కట్టుట ఎట్టి పెద్దరికము? కన్యాదానమిచ్చు తండ్రి వరునియందు విష్ణువును భావించి కాళ్ళు కడుగును. ఆ నీరు పట్టించుకొనువాని రక్తములో ఏమున్నదో దాచిన తలిదండ్రులు ఆ నీటికి జవాబు చెప్పవలసియుండును.

పాశ్చాత్యదేశములలో ఈ వ్యసనమునకు మిక్కిలి ఫలించిన చికిత్స ఒకటి వినుటకు చిత్రముగా ఉండును. వారమునకు రెండుమారులు మూత్రపరీక్ష చేయుదురు. ద్రవ్యము లేదని తేలిననాడు రోగి ఒక పాత్రలో చేయిపెట్టి చీటీ తీయును. సుమారు సగము చీటీలలో "బాగుగా చేసితివి" అను మాట మాత్రమే యుండును. తక్కినవానికి చిల్లర బహుమానములు, ఎప్పుడో ఒకనికి పెద్దది. కనెక్టికట్ రాష్ట్రమున నాన్సీ పెట్రీ అను ఆచార్యురాలు ఈ చీటీల పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. అమెరికా మాజీసైనికుల ఆసుపత్రులలో 2011 నుండి, కాలిఫోర్నియాలో ప్రభుత్వ ఆరోగ్యపథకము క్రింద 2023 నుండి ఇట్టి చికిత్స నడచుచున్నది. కాలిఫోర్నియా పథకమున చికిత్స 24 వారములు. బహుమానముల మొత్తము సంవత్సరమునకు 599 డాలర్లు మించదు. "మానినందుకు లంచమా?" అని ఆక్షేపించువారు కలరు. అక్షరాభ్యాసమునాడు బిడ్డ చేతిలో బెల్లపుముక్క పెట్టినది ఎవరు? భజన ముగిసిన పిదప ప్రసాదము పంచుట వలన ఎందరు పిల్లలు భజన నేర్చుకొనలేదు? దూరముననున్న మేలును చూచు శక్తి పోయినవానికి దగ్గర మేలును చూపుట ఉపాయమే. పదేండ్ల తరువాత గుండె బాగుండునని చెప్పిన వానికి ఎక్కదు. ఈనాటి చీటీ ఎక్కును. తల్లి "ఈ వారము పూర్తియైనది నాయనా" అని పిలిచి పెట్టు గారె కూడ చీటీయే.

ఈ వ్యసనమును మాన్పుటకని ప్రత్యేకముగా అమెరికా ఔషధశాఖ ఆమోదించిన మాత్ర ఇంతవరకు లేదు. 2021లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో నాల్ట్రెక్సోన్ సూదిమందును, బుప్రోపియాన్ మాత్రను కలిపి యిచ్చినవారిలో నూటికి సుమారు 14 మందికి గుణము కనబడగా, ఉత్తిమందు పొందినవారిలో నూటికి ముగ్గురికిని కనబడలేదు. ఆశ కలదు, అద్భుతము లేదు. పది దినములలో పూర్తిగా మాన్పింతుమను ప్రకటనలను నమ్మి పొలము అమ్ముకొనరాదు. మన దేశమున 14446 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేసినచో ప్రభుత్వ చికిత్సాకేంద్రముల వివరములు చెప్పుదురు. పోలీసులకు భయపడి దాచువారు తెలిసికొనవలసిన సంగతి మరియొకటి. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమున 64ఎ సెక్షను ప్రకారము, స్వల్పపరిమాణపు కేసులో చిక్కిన వ్యసనపరుడు తానై గుర్తింపుపొందిన కేంద్రమున చికిత్స కోరి పూర్తిచేసికొన్నచో విచారణనుండి రక్షణ కలదు. చట్టము సహితము పిల్లి పట్టును కొంత ఎరుగును.

ఇచట ప్రమాణముల విషయము చెప్పవలసియున్నది. థాయిలాండులో బాంకాకునకు ఉత్తరమున సరబురి మండలమున వాట్ థమ్ క్రబోక్ అను బౌద్ధవిహారము కలదు. నల్లమందు నిషేధింపబడిన 1959 నుండి అచటి భిక్షువులు వ్యసనపరులకు మూలికలరసము త్రాగించి వమనము చేయించుచు చికిత్స చేయుచున్నారు. దానిని నడపిన చమ్రూన్ పార్న్‌చంద్ అను భిక్షువునకు 1975లో మెగసెసే పురస్కారము లభించినది. మందుకన్న ముందు అచట ప్రమాణము చేయింతురు. దాని పేరు సచ్చ, మన సత్యమే. ఒక్కమారు ప్రమాణము చేసి తప్పినవానిని మరల చేర్చుకొనకపోవుట ఆ విహారపు నియమముగా ప్రసిద్ధము. ఆ కాఠిన్యమునకు ఒక బలము కలదు. ఇది ఆఖరి రేవు అని తెలిసినవాడు తెడ్డు గట్టిగా వేయును. అట్లు ఒడ్డెక్కినవారిని తక్కువ చేయరాదు.

తిరుమలకు వచ్చు కుటుంబములలోను ఇట్టి ప్రమాణములు జరుగుచున్నవి. తలనీలాలు ఇప్పించి, ధ్వజస్తంభము ముందు నిలిపి, జన్మలో ముట్టనని పలికింతురు. నిలిచినవారికి అది మహాభాగ్యము. నిలువనివాని గతి ఆలోచింపవలెను. తల్లికి మాట తప్పినవాడు తల్లికి కనబడక తిరుగును. స్వామికి మాట తప్పినవాడు స్వామికి కనబడక తిరుగును. ఇక నాకు కొండ లేదని వాడు నిశ్చయించుకొనును. వాడు దాచుటకు మొదలుపెట్టును, దాచినకొలది మోతాదు పెరుగును. రక్షణకై చేయించిన ప్రమాణమే రక్షకునికి దూరముచేసినది. శ్రీరామచంద్రుడు విభీషణుని విషయమున సుగ్రీవునితో పలికిన మాటలలో "ఒక్కమారు" అను పదము కలదు. ఒక్కమారు శరణన్న చాలునని దాని భావము, ఒక్కమారే అవకాశమని కాదు. వచ్చినవాడు రావణుడే అయినను అభయమిత్తునని ఆ ప్రభువు చేర్చెను. క్రబోక్ విహారపు ఒక్కమారు నరుడు పెట్టిన గడువు. దానికి నరుని కారణములున్నవి. శ్రీవైష్ణవుని ఇంట ఆ గడువు పెట్టుటకు అధికారము లేదు.

మరి ప్రమాణము వలదా? వైదికసంప్రదాయమే దారి చూపియున్నది. నిత్యపూజలో సంకల్పము చెప్పునపుడు సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము అన్నియు పేర్కొందురు. అనగా ఆ సంకల్పము ఆ దినమునకే. బ్రతికినంతకాలమునకు సరిపడ ఒక్కమారు సంకల్పము చెప్పి పూజ మానినవాడు లేడు. ఏకాదశీవ్రతమును పక్షమునకొకమారు తిరిగివచ్చును. ఒక ఏకాదశి తప్పినవానిని తరువాతి ఏకాదశినాడు ఎవరును వెళ్ళగొట్టరు. వ్యసనపరుడు ప్రాతఃకాలమున స్నానముచేసి, ఆనాటి తిథివారములు పలికి, ఈ దినమున ముట్టననుకొనవచ్చును. సాయంకాలమునకు అది నిలిచినచో ఒక వ్రతము పూర్తియైనది. తప్పినచో మరునాడు మరియొక తిథి వచ్చును. అమెరికాలోని వ్యసనవిముక్తుల సంఘములవారును దినమునకొకమారు అను నియమమునే పాటించుచున్నారు. వారికి పంచాంగము తెలియకపోయినను దారి ఒకటే. ఈ దినసంకల్పము నడుచుచున్నంతకాలము, తెలియకుండగనే, కోతిపిల్ల చేతులకు బలము వచ్చుచుండును.

బలము వచ్చిన పిదప పని వాని చేతికి ఇయ్యవలెను. దొంగిలించిన తల్లిగాజుల అప్పు వాడే కొంచెము కొంచెము తీర్చవలెను. కొట్టిన తమ్మునికి క్షమాపణ వాడే చెప్పవలెను. "పోనిమ్ము నాయనా" అని తల్లి అడ్డుపడరాదు. ఉద్యోగము చిన్నదైనను, వేళకు లేచి వేళకు పోవునది కావలెను. నిద్రకు, భోజనమునకు వేళలు ఏర్పడుట ఈ వ్యాధికి సగము చికిత్స.

ఆళ్వారులలో విప్రనారాయణుల చరిత్ర తెలుగువారికి క్రొత్త కాదు. సారంగు తమ్మయ వైజయంతీవిలాసముగా దానిని కావ్యము చేసినాడు. శ్రీరంగనాథునకు మాలలు కట్టు విప్రనారాయణుడు దేవదేవియను వేశ్య వలలో చిక్కి, ధనము పోయి, గెంటబడి, ఆమె వాకిటనే పడియుండెను. ఆయనది కామము, దేహములో విషము లేదు, ఆ భేదము మరువరాదు. వాకిట పడినవాడు సన్నిధికి వెళ్ళలేదు. స్వామియే బంగారుగిన్నెతో ఆ వాకిటికి వచ్చెను. అది పిల్లి పట్టు. ఆ గిన్నె దొంగసొత్తుగా దొరకి, రాజు ఎదుట నిలువబడి, నిర్దోషియని తేలిన తరువాత జరిగినదానిని కథకులు ఒక్కమాటలో ముగింతురు. ఆయన ప్రాయశ్చిత్తముగా భాగవతుల శ్రీపాదతీర్థమును సేవించి, భక్తుల పాదధూళినే తన పేరుగా చేసికొని, తొండరడిప్పొడి ఆళ్వారైనాడు. క్రొత్త పదవి ఏదియు ఆయనకు ఈయబడలేదు. మునుపటి తోటయే, మునుపటి సజ్జయే. తెల్లవారకముందు లేచి తులసి కోసి, మాల కట్టి, సన్నిధికి పోవుట. రాత్రులను పోగొట్టుకొనిన ఆయన నోటనే శ్రీరంగనాథుని మేలుకొలుపు వెలువడినది. ధనుర్మాసమున వైష్ణవాలయములలో తెల్లవారుజామున దానిని నేటికిని అనుసంధించుచున్నారు.